అరువిచ్చిన ఆంబోతు

మా మామయ్య దోన్ అబుందియో ఆంబోతును ముఖం చూసి ఎంచుతారు. పెళ్ళికొడుకునైనా జనం కాస్త వెనకా ముందూ విచారించుకుంటారు గానీ, ఆంబోతు విషయంలో ఆయనకు ముఖం ఒక్కటి చాలు. "మగతనం నుదుటి మీద కనపడాలే ఓతీ. వెడల్పాటి నుదురు, పొట్టి మెడ, చూపులో కాస్త పొగరు. ఇంక కింద చూడాల్సిన పనేముంది?" అంటారు. చూడాల్సిందంతా కిందే ఉంది మామయ్యా అని నేనంటే, కోడళ్ళు మాట్లాడే మాటలేనా ఇవి అని టోపీ కళ్ళ మీదికి లాక్కుంటారు.

అందుకే ఆ ఏడు సెప్టెంబరులో, మా వైపు చలికాలం పోయి గడ్డి పచ్చబడే రోజుల్లో, నేనే పశువుల డాక్టరమ్మ ఇనెస్‌ని పిలిపించాను. మాకు మూడు ఆంబోతులు. నల్లటి పెద్దది బిషప్పు. ఆ నడకలోని దర్జా చూసి మామయ్యే పెట్టారు ఆ పేరు. ఇంకోటి ఎర్రది, మూడోది కొత్తగా కొన్న కోడె. అక్టోబరు చివర వీటిని ఆవుల్లోకి వదులుతాం, జనవరి చివర బయటికి తీస్తాం. ఆ మూడు నెలల్లో ఎన్ని చూలు కడితే వచ్చే ఏడాది మా బతుకు అంత.

ఎందుకంటే పొలం మాది కాదు. పట్నంలో ఉండే ఒక ముసలి దొరసానిది. కౌలు దూడల బరువు లెక్కన ఇచ్చుకుంటాం. అంతకు ముందు వచ్చిన వరదలో సగం మంద కొట్టుకుపోయింది. ఆ దొరసాని రెండేళ్ళు ఓపిక పట్టి, మూడో ఏడు తేల్చి చెప్పేసింది: మార్చిలో చూలు ఆవులు సరిపడా లేకపోతే పొలం వేరేవాళ్ళకి. అదే జరిగితే మాకు మిగిలేది మా ఆయన ఎలీసియో వాళ్ళన్న నడిపే టైర్ల షాపు. "ఎప్పుడైనా రండి, పైగది ఖాళీగానే ఉంది" అని ఆయన ప్రతి ఆదివారం ఫోను చేసేవాడు. మంచివాడే, కాదనను. కానీ నేను పుట్టి పెరిగింది అలాంటి వీధిలోనే. కాలిన రబ్బరు వాసనలోంచి ఇక్కడికి కోడలిగా వచ్చి, ఈ తడిగడ్డి వాసన మరిగినదాన్ని. మళ్ళీ అక్కడికి పొమ్మంటే నా వల్ల కాదు.

ఇనెస్ వచ్చి ఒక్కోదాన్ని బోనులోకి తోలించింది. ముందు నడిపించి గిట్టలు చూసింది. కళ్ళు చూసింది, పళ్ళు చూసింది. వెనక్కి వెళ్ళి టేపు పెట్టి వృషణాల చుట్టుకొలత తీస్తుంటే మామయ్య గొంతు సవరించుకుని, కాలవ వైపు తిరిగి, కొంగలేవో చాలా వచ్చాయే ఈ ఏడు అన్నారు. ఆమె వీర్యం తీసి, బండి వెనక పెట్టుకున్న మైక్రోస్కోపులో చూసి తల ఊపింది. ఆఖర్న గీకుడు. పొడవాటి గొట్టం లోపలికి పోనిచ్చి లింగం మీది తోలు లోపలి పొరని గీకి, ఆ వచ్చినదాన్ని సీసాలో వేసుకుంటుంది.

"అంత గీకుడు దేనికమ్మా?" అన్నారు మామయ్య. "బిషప్పు మొహం చూడు. ఆ మొహంలో జబ్బుందా?"

"ఆ జబ్బు ఉండేది మొహంలో కాదు దోన్ అబుందియో," అంది ఇనెస్. "దానికేం తెలీదు. తింటుంది, తిరుగుతుంది, రంకె వేస్తుంది. కానీ దాటిన ప్రతి ఆవుకీ అంటిస్తుంది. ఆవు చూలు కడుతుంది, రెండు నెలలు తిరక్కుండా పోగొట్టుకుంటుంది. మీ కంటికి ఒక్క చుక్క కనపడదు. మార్చిలో నేను చెయ్యి పెట్టి చూసినప్పుడే తెలిసేది."

మూడు వారాలు ఆంబోతుల్ని ఆవుల మొహం చూడనివ్వకుండా ఉంచి, మళ్ళీ వచ్చి గీకింది. మూడూ శుభ్రం. "ఇక ఆవుల్లోకి వదిలేదాకా వీటిని గడప దాటనివ్వకండి," అని నాకు చెప్పింది. నేను మామయ్య వైపు చూశాను. మామయ్య కొంగల వైపు చూశారు. అప్పుడే అనుమానించాల్సింది.

*

తర్వాతి వారం మా చెల్లెలికి కాన్పయింది. పది రోజులు పట్నంలో ఉండి వచ్చాను. బస్సు దిగి, సంచీ వసారాలో పెట్టి, ముందు ఆంబోతుల దొడ్డి దగ్గరికి వెళ్ళాను. బిషప్పు డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. అలసిపోయిన మొహం. దాని కుడి పక్క జానెడు పొడవున నీలం రంగు చార.

ఈ చుట్టుపక్కల నీలం గేటు ఒక్కటే ఉంది. కాలవ అవతల దోన్ సెలెస్తీనో గేటు. ఆ వసంతంలోనే రంగు వేశాడు.

నేను లోపలికి వెళ్ళేసరికి మామయ్యా ఎలీసియో పొయ్యి దగ్గర కూర్చుని మాతే తాగుతున్నారు. ఆ చేదు ఆకు కషాయానికి ఒకే సొరబుర్ర, ఒకే గొట్టం, చేతులు మారుతోంది.

"బిషప్పుకి ఆ నీలం ఎక్కడిది?" అన్నాను.

"నీలమా?" అన్నారు మామయ్య. "ఏమో. ఆకాశం అంటుకుందేమో."

"ఎలీసియో?"

మా ఆయన గొట్టం నోట్లోంచి తియ్యకుండానే, "అడిగాడే..." అన్నాడు.

"ఎవరు? ఏమడిగాడు?"

"పద్రీనో అడిగాడు. ఒక్క వారానికి."

పద్రీనో అంటే జ్ఞానతండ్రి. ఎలీసియోని బాప్తిస్మం నాడు ఎత్తుకున్నది సెలెస్తీనోయే. అప్పట్నించి ఆయనా మామయ్యా ఒకరికొకరు కంపాద్రేలు, అంటే సొంత అన్నదమ్ముల లెక్క. వరదలో గుర్రాన్ని ఈదించుకుంటూ వచ్చి మామయ్యని ఇంటి కప్పు మీంచి దింపింది కూడా ఆయనే. అలాంటివాడు వచ్చి సాయం అడిగితే దాన్ని మా వైపు గౌచాదా అంటారు. గౌచాదా అడగడానికి మొహమాటం లేదు, కాదనడానికి మాత్రం నోరు రాదు. ఈ దేశం సగం దాని మీదే నడుస్తోంది, సగం దాని వల్లే నడవడం లేదు.

"ఆయన ఆంబోతుకేమైంది?"

"ముసలిదైపోయింది పాపం. పోయినేడు ఆవులకి చూలు సరిగ్గా నిలవలేదట. కసాయికి తోలేశాడు," అన్నారు మామయ్య.

నేను కుర్చీలో కూలబడ్డాను. "ఆవులు నిలవలేదా? ఎందుకు నిలవలేదో అడిగారా?"

"అలా అడుగుతారా ఎవరైనా?" మామయ్యకి నిజంగానే కోపం వచ్చింది. "కంపాద్రేని పట్టుకుని నీ ఆవులకి రోగమా అని అడగమంటావా?"

"అడగరు. ఆంబోతుని మాత్రం పంపిస్తారు! నేను రెండుసార్లు గీకించి, మూడు వారాలు కాపలా కాసి, మడి కట్టించి పెడితే, మీరు తీసుకెళ్ళి బురదలో దింపారు. సరే. ఇనెస్‌ని మళ్ళీ పిలుస్తాను."

"ఆవిడ బండి సెలెస్తీనో గేటు ముందు నుంచే రావాలి," అన్నారు మామయ్య. "మొన్ననే పరీక్షలైపోయాయని వాడికి తెలుసు. మళ్ళీ వచ్చిందంటే దేనికొచ్చిందో తెలుసుకోలేనంత వెర్రివాడా? మొహాన ఉమ్మేసినట్టు కాదూ!"

"మరి నన్నేం చెయ్యమంటారు?"

మొహమాటానికి పోతే కడుపవుతుందని సామెత. మా ఇంట్లో అదే మొహమాటానికి ఉన్న కడుపులు పోయేట్టున్నాయి. ఆ రాత్రి నేను అన్నం వండలేదు, వడ్డించలేదు, వాళ్ళే రొట్టే జున్నూ కోసుకు తిన్నారు. పొద్దున్నకి మామయ్య ఒక మెట్టు దిగారు. ఎర్రదాన్నీ కోడెనీ ఆవుల్లోకి వదులుదాం, బిషప్పుని వేరే దొడ్డిలో ఉంచేద్దాం. ఎవరైనా అడిగితే కాలు నొప్పి అని చెప్పాలి. రెండు ఆంబోతులకి అంత మంద కాస్త బరువే గానీ, లాక్కురావచ్చు. నేను సరే అన్నాను. అంతకన్నా గతి లేదు.

*

కాలు నొప్పి అని చెప్పమన్నది ఎవరైనా అడిగితే. మా ఆయన అడక్కుండానే చెప్పాడు. కిరాణా కొట్టు దగ్గర సెలెస్తీనో కనపడితే, ఆయన ఇంకా బాగున్నావా అని కూడా అనకముందే, "బిషప్పుకి కాలు నొప్పి పద్రీనో, అందుకే విడిగా ఉంచాం" అన్నాడట. అబద్ధం చెప్పడం చేతకానివాడికి అబద్ధం అప్పజెప్పడం నా బుద్ధి తక్కువ.

గిట్టల వైద్యంలో సెలెస్తీనోని మించినవాడు ఈ చుట్టుపక్కల లేడు.

ఆదివారం మధ్యాహ్నం గుర్రం మీద వచ్చాడు. జీను పక్కన ఓ డబ్బా. అందులో పందికొవ్వూ తారూ కలిపి కాచిన మందు. సన్నటి మనిషి, ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు. "ఏదీ, బిషప్పు గారు ఎక్కడ? అరువు తెచ్చుకున్నప్పుడు బాగానే నడిచాడే. నా దగ్గరే ఏ గుంటలోనో పడి ఉంటాడు. తప్పు నాది, బాగు చేసే పని నాది," అన్నాడు.

మామయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను పిండి కలుపుతున్న చేతులతో వసారాలోకి వచ్చి నిలబడ్డాను.

"ఏ కాలు కంపాద్రే?"

"ఎడమది," అన్నారు మామయ్య.

"కుడిది," అన్నాడు మా ఆయన, సరిగ్గా అదే క్షణంలో.

బిషప్పు మాత్రం ఊరేగింపులో వచ్చినట్టు ఠీవిగా నాలుగు కాళ్ళ మీదా నడుచుకుంటూ బోనులోకి వచ్చింది. సెలెస్తీనో వంగి ఒక్కో గిట్టా ఎత్తి చూశాడు. వేలితో నొక్కాడు. సందుల్లో వాసన చూశాడు. నాలుగోది కింద పెట్టి, అలా వంగే ఉండిపోయాడు. తర్వాత లేచాడు.

"కాలికేం లేదు కంపాద్రే."

కంచె అవతల ఆవుల్లో ఎర్రదీ కోడే తిరుగుతున్నాయి. అటు చూశాడు. బిషప్పు పక్కనున్న నీలం చార చూశాడు. వేళ్ళకి అంటిన మందు గడ్డికి తుడుచుకుని, డబ్బా మూత బిగించాడు. నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది.

"నేను వెళ్తాను."

"మాతే తాగి వెళ్ళు," అన్నారు మామయ్య.

"వద్దులే."

మా వైపు మనిషి ఎంత కోపంలోనైనా ఉండొచ్చు, చావు ఇంటి నుంచైనా రావొచ్చు, ఇచ్చిన మాతే వద్దనడు. వద్దన్నాడంటే ఆ ఇంటికీ అతనికీ చెల్లు. మామయ్య తలెత్తి ఆయన వైపు చూశారు. తర్వాత కంచె దగ్గరికి నడిచారు.

"మామయ్యా, వద్దు," అన్నాను.

మందలోకి తెరిచే గేటు గొలుసు మీద చెయ్యి వేశారు.

"మామయ్యా! పొలం పోతుంది. ఎలీసియో, నువ్వైనా చెప్పు!"

ఎలీసియో టోపీ తీసి చేతుల్లో నలుపుతున్నాడు. వాళ్ళ నాన్న వైపు చూశాడు, జ్ఞానతండ్రి వైపు చూశాడు, నా వైపు మాత్రం చూడలేదు. గేటు కిర్రుమంది. బిషప్పు ఒక్కసారి గాలి వాసన పీల్చి, తొందరేం లేకుండా ఆవుల్లోకి వెళ్ళిపోయింది.

"కాస్త విశ్రాంతి ఇద్దామనుకున్నాం, అంతే," అన్నారు మామయ్య. "ఇప్పుడు పర్లేదు."

సెలెస్తీనో వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. మాతే పోసేది ఈ ఇంట్లో నేను. కాబట్టి నేనే పోశాను. ఆ వేడినీళ్ళు ఇద్దరి నెత్తిన కుమ్మరించకుండా బుర్రలోనే పోశానంటే ఆ కన్యమరియే నా చెయ్యి పట్టుకుని ఉండాలి. ఆయన తాగి, బుర్ర తిరిగిచ్చి, "చేదు సరిగ్గా కుదిరింది అమ్మాయ్," అన్నాడు. మామయ్య మొహంలోకి నెత్తురు వచ్చింది.

*

క్రిస్మస్ దాటాక నేను రోజూ మంద దగ్గరికి వెళ్ళేదాన్ని. నవంబరులో దాటించుకున్న ఆవులు జనవరిలో మళ్ళీ ఎదకొస్తున్నాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కడం, అరుపులు. నిలిచిన ఆవు అలా అరవదు. వచ్చి చెబితే, "నడివేసవి ఎండలు" అన్నారు మామయ్య. ఇంకో వారం పోయాక చెబితే, "గడ్డి బలం ఎక్కువైంది" అన్నారు. మూడోసారి చెప్పడానికి నోరు తెరిస్తే, ఆయనే ముందుగా, "తెలుసు" అన్నారు. అని లేచి వెళ్ళిపోయారు. ఇంక నేనేం అరవను?

బావగారు ఆదివారం ఫోను చేస్తే ఎలీసియో, "పైగది కొలతలు ఎంతన్నయ్యా?" అని అడగడం విన్నాను. నేను పెరట్లోకి వెళ్ళి, కోళ్ళని కారణం లేకుండా తిట్టాను.

మార్చిలో ఇనెస్ వచ్చింది. భుజం దాకా ప్లాస్టిక్ తొడుగు వేసుకుని, బోనులోకి వచ్చిన ప్రతి ఆవు వెనక నిలబడి, చెయ్యి లోపలికి పెట్టి చూసి ఒక్క మాట చెబుతుంది. చూలు, లేదా ఖాళీ. ఖాళీ అంటే మామయ్య గొర్రెల కత్తెరతో ఆ ఆవు తోక కుచ్చు కత్తిరించాలి. ఆమడ దూరం నుంచి చూసినా తెలిసిపోయేందుకు. తోక మొండిగా ఉన్నది లారీ ఎక్కేది. ఈ ఇంట్లో ఆ కత్తెర ఎప్పుడూ ఆయనదే.

"చూలు." "చూలు." "ఖాళీ." కత్తెర చప్పుడు. "ఖాళీ." కత్తెర. "ఖాళీ."

ఎండ నడినెత్తికి వచ్చేసరికి మామయ్య కాళ్ళ దగ్గర కుప్ప పడింది. నల్లటి వెంట్రుకలు, ఎర్రవి, కొసల్లో తెల్లవి. మోకాలి ఎత్తుకి వస్తోంది. ఎవరమూ దాని వైపు చూడడం లేదు. ఇనెస్ గొంతు కూడా తగ్గిపోయింది, ఖాళీ అనడానికి సిగ్గు పడుతున్నట్టు. నాకు కోపం రావాలి. అయిదు నెలలుగా దాచుకున్నదంతా ఉంది నాలో. తీరా ఆ రోజు చూస్తే కోపం జాడ లేదు.

అప్పుడు పలోమా వచ్చింది. తెల్లమొహం పెయ్య. వరదలో తల్లి పోతే, నా వంటింట్లో, పొయ్యి పక్కన, సీసా పాలతో పెరిగింది. ఇప్పటికీ నా గౌను అంచు నములుతుంది. దానికిది మొదటి చూలు కావాలి.

ఇనెస్ చాలాసేపు చూసింది. నా వైపు తిరిగి, "ఖాళీ ఓతీ," అంది.

కత్తెర చప్పుడు రాలేదు. మామయ్య దాని తోక చేత్తో పట్టుకుని నిలబడిపోయారు. "దీన్ని వదిలేద్దాం," అన్నారు, నా వైపు చూడకుండా. "ఒక్కదానికేం. దీనికి నేను... ఇనెస్, నువ్వు సరిగ్గా చూశావా?"

"కొయ్యండి మామయ్యా," అన్నాను.

"ఓతీ..."

"ఒక్కదానికి మొహమాటపడితే ఏమవుతుందో చూశాం కదా. కొయ్యండి."

కోశారు. మళ్ళీ ఆ కత్తెర ఆయన ముట్టుకోలేదు. మిగతావన్నీ ఎలీసియో కోశాడు.

పని అయిన రోజు నిప్పుల మీద మాంసం కాల్చి చుట్టుపక్కలవాళ్ళకి పెట్టడం ఆనవాయితీ. పెళ్ళయినా చావైనా ఆనవాయితీ ఆనవాయితీయే. సెలెస్తీనో ఇంట్లో చేసిన సాసేజీల దండ భుజాన వేసుకుని వచ్చాడు. గుర్రం దిగుతూ, "ఎలా ఉంది కంపాద్రే?" అన్నాడు.

"బాగానే ఉంది," అన్నారు మామయ్య. "ఈ ఏడు ఎండలు ఎక్కువ కదా, కాస్త తేడా. బాగానే ఉంది."

దేవుడా, అప్పుడు కూడా! నేను మాంసం తిప్పే పటకారు కింద పడేశాను. కానీ నేను నోరు విప్పాల్సిన పని పడలేదు. సెలెస్తీనో అప్పటికే కుప్ప దగ్గర ఆగాడు. పశువుల మనిషికి ఆ కుప్ప చదివి పెట్టక్కర్లేదు. దాన్ని బూటు కొసతో మెల్లిగా కదిపాడు. తలెత్తి దొడ్డిలోకి చూశాడు. కంచె దగ్గర పలోమా నిలబడి, మొండి తోకతో ఈగల్ని తోలుకోవాలని చూస్తోంది. వరదలో మామయ్యని దింపిన రోజునే, ఆ దూడని జీను ముందు వేసుకుని ఒడ్డుకు చేర్చింది కూడా సెలెస్తీనోయే.

"పలోమా కూడానా?" అన్నాడు.

"పలోమా కూడా," అన్నాను.

టోపీ తీశాడు. సాసేజీల దండ బల్ల మీద పెట్టి, గుర్రం ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ రోజు మాంసం ఎవరూ సరిగ్గా తినలేదు.

*

దొరసాని పొలం ఇవ్వలేదు. మొండి తోకలన్నీ లారీ ఎక్కాయి. ఇనెస్ మళ్ళీ గీకి చూస్తే బిషప్పుకీ ఎర్రదానికీ ఆ జబ్బు ఉందని తేలింది, అవి కూడా ఎక్కాయి; లేత వయసుది, కోడెకి మాత్రం అంటలేదు. బిషప్పుని మామయ్యే తోలుకొచ్చారు. ఎప్పుడూ ముఖం చూసే మనిషి, ఆ రోజు దాని వెనకే నడిచారు. నేను ఇంట్లో గిన్నెలు కాగితాల్లో చుట్టి పెట్టెల్లో పెడుతున్నాను, టైర్ల షాపు పైగదికి.

ఆ వారమే ఇనెస్ బండి నీలం గేటు ముందు ఆగింది. ఊళ్ళో అందరూ చూసేలా, పట్టపగలు. సెలెస్తీనోయే పిలిపించాడట, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. ఆయన ఆవులన్నీ ఖాళీ. తోకలన్నీ ఆయనే కోసుకుని, ఆ సాయంత్రమే లారీ ఎక్కించాడని ఇనెస్ చెప్పింది.

మర్నాడు మా ఇంటికి వచ్చాడు. మామయ్య లేచి నిలబడ్డారు గానీ, ఆయన మామయ్యని దాటుకుని, పెట్టెల మధ్య కింద కూర్చున్న నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఓతీ, నీ దగ్గర ఒక గౌచాదా అడగడానికి వచ్చాను."

"నా దగ్గరా? ఇంకేం మిగిలింది దోన్ సెలెస్తీనో ఇవ్వడానికి?" కసిగానే అన్నాను.

"నా గడ్డి పెరిగిపోతోంది. తినడానికి ఒక్క నోరు లేదు. ఇల్లు కూడా ఖాళీయే, నాలుగు గదుల్లో ఒక్కణ్ణి. మీ చూలు ఆవుల్ని తోలుకొచ్చి అక్కడ ఉండండి. కౌలూ గీలూ ఎత్తావంటే ఊరుకోను. ముసలాణ్ణి, ఒక్కణ్ణే ఉండలేకపోతున్నాను. ఈ సాయం చెయ్యి."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా కొంప ముంచిన మనిషి, దాన్ని నిలబెట్టడానికి వచ్చి, అదీ ఒక సాయం అడుగుతున్నట్టే అడుగుతున్నాడు, నేను కాదనడానికి వీల్లేకుండా. ఎంత తిక్క మనుషుల మధ్య పెట్టాడురా దేవుడు నన్ను! ఏడ్చాను. ఏడుస్తూనే గిన్నెలు చుట్టిన కాగితాలు విప్పడం మొదలుపెట్టాను. ఎలీసియో వచ్చి పక్కన కూర్చుని ఒక్కోటీ అందుకున్నాడు.

అలా నీలం గేటు లోపలికి వచ్చాం. ఒక్క ముసలాయనతో తల ప్రాణం తోకకొచ్చే నాకు, ఇప్పుడు పొయ్యికి అటొకరు ఇటొకరు. మాతే బుర్ర పొద్దున మొదలుపెడితే రాత్రి దాకా ఆరదు. ఒకరు కొంగలంటే ఇంకొకరు బాతులంటారు. వచ్చిన మొదటి రోజే నేను రెండు పనులు చేశాను. మిగిలిన కోడె ఉండే దొడ్డికి తాళం వేశాను. ఆ తాళం చెవి తాడుకి కట్టి మెడలో వేసుకున్నాను. ఇద్దరూ చూశారు.

మళ్ళీ సెప్టెంబరు వచ్చింది. ఇనెస్ వచ్చి కోడెని రెండుసార్లు గీకి, శుభ్రం అని చెప్పి వెళ్ళింది. ఆ తర్వాతి ఆదివారం కాలవ ఎగువ నుంచి రొసెందో వచ్చాడు. నలుగురు పిల్లలున్నవాడు. టోపీ చేతిలో పట్టుకుని వసారా కింద నిలబడ్డాడు. వాళ్ళ ఆంబోతు తీగలో పడి కాలు విరగ్గొట్టుకుందట. ఒక్క వారానికి మా కోడె కావాలట.

మామయ్య సెలెస్తీనో వైపు చూశారు. సెలెస్తీనో మామయ్య వైపు చూశాడు. ఎలీసియోకి ఉన్నట్టుండి పెరట్లో ఏదో పని గుర్తొచ్చింది.

"ఆంబోతు సంగతి మాకు తెలీదు నాయనా," అన్నారు మామయ్య ఆఖరికి. "తాళం చెవి మా కోడలి దగ్గరుంది. ఆవిణ్ణి అడుగు."

రొసెందో నా వైపు తిరిగాడు. చొక్కా కాలరు చిరిగి, మళ్ళీ కుట్టి ఉంది. కళ్ళు నా మెడలోని తాడు మీద ఉన్నాయి. ఏడాది పొడుగునా, కాదనే ఆ ఒక్క మాట రాలేదని మగాళ్ళందర్నీ తిట్టిపోసినదాన్ని, అది నా నోట్లోనే అంత బరువుంటుందని అనుకోలేదు. వారం రోజులేగా అని నాకే అనిపించింది, నిజంగా అనిపించింది. గేటు అవతల కొత్త దూడలు తల్లుల కింద గుద్దుతూ పాలు తాగుతున్నాయి. వాటి వైపు చూశాను.

"ఇవ్వను రొసెందో," అన్నాను. "వచ్చి మాతే తాగు."

అతను నేల వైపు చూశాడు. కాసేపటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. నేను పోశాను, అతను తాగాడు, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. గుర్రం డెక్కల చప్పుడు కాలవ దాటింది.

"పాపం," అన్నారు మామయ్య. "ఒక్క వారానికేగా అడిగాడు."

"అవును కంపాద్రే," అన్నాడు సెలెస్తీనో. "పాపం, మంచి కుర్రాడు."

నేను తాడు విప్పి, దానికి ఇంకో ముడి బిగించి, మళ్ళీ మెడలో వేసుకున్నాను.